నెల తప్పిన లెక్క

నెల తప్పింది అంటే
మా దిక్కు పండుగ ముచ్చట.
నాకు పదారేండ్ల సంది
తప్పుతనే ఉన్నది.
నలభై రోజులకోపాలి, డెబ్బై రోజులకోపాలి,
ఒక్కపాలి బతుకమ్మకు తప్పి
ఉగాదికి వచ్చింది.
ప్రతిసారీ ప్రకాశం బజార్ల
మందుల దుకాణం ముంగట నిలబడుడు,
యాభై రూపాయల పట్టీ,
తెల్లారగట్ల ఒంటిగీత.

నేను నల్లగొండ–దేవరకొండ బస్సు కండక్టర్‌ను.
పొద్దంత ఆడోళ్లకు జీరో టికెట్ కొడ్త.
పైసలుండవు, కాయితముంటది,
ఎక్కినట్టు సాక్ష్యం.
ఆ పట్టీ గూడ గట్లనే,
సున్న కొట్టి చేతికిచ్చినట్టు.

గుర్రంపోడు కాడ కూరగాయల ముత్తమ్మ ఎక్కుతది.
గంప కింద నేనో చెయ్యి వేస్త.
గంప దిగకముందే అడుగుతది:
"నీళ్లు పోసుకున్నవా బిడ్డా?"
లేదు పెద్దమ్మా,
నీళ్లన్ని లోపల్నే బుడగలైనయట.

స్కానింగుల చూపెట్టిండ్రు.
కుడి దిక్కు పద్నాలుగు, ఎడమ దిక్కు పదకొండు,
నల్లచుక్కలు.
ఎదగక ఆగిన గుడ్లమ్మా, అన్నది డాక్టరమ్మ.
నాకు మా డిపో యాదికొచ్చింది,
వరుసగ నిలబడ్డ బస్సులు,
డీజిల్ ఉన్నది, డ్రైవరున్నడు,
రైట్ రైట్ అనెటోళ్లే లేరు.

ఎనిమిది కిలోలు తగ్గమన్నది.
అత్త నాతోని ఎన్జీ కాలేజీ గ్రౌండుకు వచ్చింది,
చీర కింద కొడుకు బూట్లేసుకొని.
నాలుగు రౌండ్లు మాట్లాడలే.
అయిదో రౌండుల అన్నది:
"సైదులు పుట్టకముందు నాకు మూడు పోయినయి.
గప్పుడు స్కానింగులు ఎక్కడియి, ఏడ్సుడొక్కటే."

సైదులు బత్తాయి మార్కెట్ల హమాలి.
నాకోసం తనూ అన్నం బంద్ పెట్టిండు.
రాత్రి జొన్నరొట్టె విరుస్తూ
అన్నాన్ని సచ్చిన సుట్టం లెక్క తలుసుకుంటడు.
గదువ కింద వెంట్రుకలు నేను దారంతోటి తీసుకుంటుంటే
అద్దం పట్టుకొని నిలబడతడు,
ఏం జూడనట్టు.

రెండోనాటి నుంచి అయిదు గోళీలు.
తరువాత దినం తప్పి దినం కొలుసుడు.
పదకొండోనాడు తొమ్మిది మిల్లీమీటర్లు.
పదమూడోనాడు పన్నెండు.
పదిహేనోనాడు పన్నెండే.
పద్దెనిమిది గావాలె.

నేను పోరగాండ్ల ఎత్తు జూసి వయసు చెప్పేదాన్ని.
అరటికెట్టు ఎగ్గొట్టనీకి
"అయిదు నిండలే మేడం" అంటరు తల్లులు,
ఒళ్లె పట్టని పోరన్ని ఒళ్లె కుక్కుకొని.
మునుపు కొట్లాడుదు.
ఇప్పుడు ఎంతంటే అంతే.
వాళ్లకేమో బిడ్డ పెరగలేదని చెప్పబుద్ధి,
నేనేమో ఆవగింజంత దాన్ని
పెరుగు తల్లీ, ఇంకో ఆరు గీతలు పెరుగు అని
రాత్రంత బతిమిలాడుకునుడు.

పెరగలే. మళ్లొక నెల గూడ.
గోళీలకు నోరంత ఇనుప రుచి,
మల్లేపల్లి స్టేజీల దిగి వాంతి చేసుకుంటే
ముత్తమ్మ సంబురపడ్డది.
ఆమెకు ఎట్ల చెప్పాలె.

మూడోసారి ఇరవయ్యొకటోనాడు
పందొమ్మిది.
డాక్టరమ్మ రెండుసార్లు కొలిసింది.

ఇయ్యాల నలభై ఒకటోనాడు.
నా నెలలను నేనెట్ల నమ్ముత?
నమ్మకుండనే చూసిన.
పక్కన ఇంకో గీత,
టికెట్ మిషన్ల సిరా అయిపొయ్యేటప్పుడు
పడీ పడనట్టు పడే అచ్చు లెక్క.
లైటు కింద పెట్టి చూసిన. కిటికీ కాడ పెట్టి చూసిన.
సైదులును లేపలే.
టికెట్ రోల్ డబ్బాల పెట్టుకొని
ఫస్ట్ ట్రిప్పెక్కిన.

కనగల్ రాకముందు అన్న:
"జానన్నా, కుదుపుల కాడ జర మెల్లగ పోనియ్యి."
పదకొండేండ్లల్ల ఒక్క బ్రేకర్ కాడ
బస్సు ఆపనోడు
అద్దంల నన్ను చూసిండు.
ఏం అడగలే.
రెండో గేరుకు దించిండు.

గుర్రంపోడు.
"నీళ్లు..." అనుకుంట గంప అంచు పట్టుకున్నది ముత్తమ్మ.
జవాబు చెప్పలే.
గంప కిందికి చెయ్యి గూడ వెయ్యలే.
నా చెయ్యి దిక్కు చూసింది,
చూసి,
వంకాయల గంప
తనే ఎత్తుకున్నది.